మద్యం, మత్తుమందులు, ప్రజారోగ్య పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

"రోజూ ఒక గ్లాసు వైను గుండెకు మేలు" అని ఒక వారం, "ఒక్క చుక్క కూడా ప్రమాదమే" అని మరో వారం వార్తలొస్తుంటాయి. రెండూ పరిశోధనల పేరు మీదే. చదివినవాళ్ళకు విసుగొచ్చి "వీళ్ళకే తేలలేదు, మనకేం చెబుతారు" అనుకోవడం సహజం. నిజానికి చాలా విషయాలు తేలాయి. తేలినవి వార్తల దాకా రావడం లేదంతే. పదేపదే ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

ప్రజారోగ్య పరిశోధకులు ఇందులో ఏం చూస్తారు? ఇది డాక్టర్ల పని కదా?

డాక్టరు ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషిని చూస్తాడు. వీళ్ళు జనాభా మొత్తాన్ని ఒకే రోగిలా చూస్తారు. ఫలానా ఆయన ఎందుకు తాగుతున్నాడన్నది డాక్టరు ప్రశ్న. పదేళ్ళ కిందటికన్నా ఇప్పుడు కాలేయ జబ్బుతో చావులు ఎందుకు పెరిగాయన్నది వీళ్ళ ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు జవాబు మనుషుల మనోబలంలో దొరకడం తక్కువ. సీసా ధరలోనో, దుకాణం మూసే వేళలోనో, పన్నుల చట్టంలోనో దొరుకుతుంది.

మద్యం వల్ల ఏటా ఎంతమంది చనిపోతున్నారు? ఆ అంకె ఎలా వస్తుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది మొత్తం మరణాల్లో ఇది 4.7 శాతం. వీళ్ళలో దాదాపు 20 లక్షల మంది మగవాళ్ళు. మత్తుమందుల ఖాతాలో 6 లక్షల మరణాలున్నాయి.

అయితే ఈ 26 లక్షల మందిలో ఎక్కువమంది మరణ ధ్రువపత్రాల్లో మద్యం అన్న మాటే కనిపించదు. రొమ్ము క్యాన్సర్ అనో, పక్షవాతం అనో, రోడ్డు ప్రమాదం అనో రాసి ఉంటుంది. తాగుడు వల్ల వచ్చే కాలేయ జబ్బు లాంటివి నూటికి నూరుపాళ్ళూ మద్యం ఖాతాలోకే వెళ్తాయి. మిగతావాటికి వాటా కడతారు. ఆ జనాభాలో ఎంతమంది ఎంత తాగుతున్నారు, అంత తాగితే ఆ జబ్బు వచ్చే అవకాశం ఎన్ని రెట్లు పెరుగుతుంది అన్నవి తెలిస్తే, ఎవరూ తాగకపోయి ఉంటే ఎన్ని కేసులు తగ్గేవో తేల్చవచ్చు. అందుకే "మా నాన్నకు తాగుడు వల్లే క్యాన్సర్ వచ్చిందా?" అని అడిగితే పరిశోధకుడు చెప్పలేడు. వెయ్యిమంది రోగుల్లో సుమారు ఎంతమందికి అలా వచ్చిందో చెప్పగలడు, వాళ్ళ పేర్లు మాత్రం చెప్పలేడు.

"ఒక డ్రింకు" అంటే ఎంత?

దేశాన్ని బట్టి మారుతుంది. చాలా దేశాల్లో 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలును ఒక డ్రింకుగా లెక్కిస్తారు. బ్రిటన్ వాళ్ళ యూనిట్ 8 గ్రాములు, అమెరికాలో 14. అంటే అమెరికా అధ్యయనంలో "రోజుకు రెండు" అన్నది బ్రిటన్ లెక్కలో మూడున్నర. అనువాద వార్తల్లో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు.

లెక్క మీరే వేసుకోవచ్చు. సీసా మీద శాతం ఉంటుంది. మిల్లీలీటర్లను ఆ శాతంతో గుణించి, వందతో భాగించి, మళ్ళీ 0.79తో గుణించండి. నీటికన్నా ఆల్కహాలు తేలిక కాబట్టి ఆ 0.79. ఐదు శాతం బీరు 500 మి.లీ. తాగితే దాదాపు 20 గ్రాములు. నలభై శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో 19 గ్రాములు. "నేను బీరే తాగుతాను, హాట్ ముట్టుకోను" అనేవాళ్ళు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

సర్వేల్లో జనం నిజం చెబుతారా?

చెప్పరు. అందరికీ తెలిసిన సంగతే. దేశంలో అమ్ముడైన మద్యంతో పోల్చి చూస్తే, సర్వేల్లో జనం ఒప్పుకున్నది చాలాచోట్ల 40 నుంచి 60 శాతమే ఉంటుంది. అబద్ధం ఒక్కటే కారణం కాదు. బాగా తాగేవాళ్ళు సర్వేకు దొరకరు. దొరికినా గుర్తుండదు. "ఒక్క గ్లాసే" అన్నాయన గ్లాసు ఎంత పెద్దదో, అందులో నీళ్ళెన్నో, సారా ఎంతో ఫారంలో ఉండదు. పైగా మన భాషతో వచ్చే చిక్కు ఒకటుంది. "గత నెలలో మందు తీసుకున్నారా?" అని అడిగితే బీపీ మాత్రల సంగతి చెప్పేవాళ్ళూ ఉంటారు. ప్రశ్నావళిని తెలుగు చేసేవాళ్ళు ఈ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించకపోతే ఆ తర్వాత గణాంకశాస్త్రం ఎంత వాడినా లాభం లేదు.

అందుకే అమ్మకాల లెక్కలు, పన్ను రికార్డులు, ఆసుపత్రి చేరికలు, మరణాల నమోదు అన్నిటినీ కలిపి చూస్తారు. కొన్ని నగరాల్లో మురుగునీటిలో డ్రగ్స్ అవశేషాలను కొలుస్తారు. మురుగునీరు మొహమాటపడదు కదా.

రోజూ కొంచెం తాగితే గుండెకు మంచిదేనా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. "అవును" అనిపించుకోవాలని అడిగేవాళ్ళే ఎక్కువ.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. దశాబ్దాల పాటు జరిగిన ఎన్నో అధ్యయనాల్లో ఒకే గ్రాఫ్ వచ్చింది. అసలు తాగనివాళ్ళకన్నా కొంచెం తాగేవాళ్ళలో గుండె జబ్బులు తక్కువ, బాగా తాగేవాళ్ళలో ఎక్కువ. గీత ముందు కిందికి దిగి తర్వాత పైకి లేస్తుంది.

ఆ "తాగనివాళ్ళు" ఎవరని తరచి చూసినప్పుడు చిక్కు బయటపడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ముట్టనివాళ్ళతో పాటు, ఒంట్లో బాగోక డాక్టరు చెబితే మానేసినవాళ్ళు కూడా అందులో కలిసిపోయారు. జబ్బు చేసి మానేసినవాళ్ళను ఆ గుంపులో పెడితే, ఎవరితో పోల్చినా పక్కవాళ్ళు ఆరోగ్యంగానే కనిపిస్తారు. రెండో సంగతి డబ్బు. చాలా సంపన్న దేశాల్లో భోజనంతో ఒక గ్లాసు వైను తాగే అలవాటు చదువు, జీతం, మంచి తిండి, నడక ఉన్నవాళ్ళది. గుండెను కాపాడింది వైనో, జీతమో విడదీయడం తేలిక కాదు.

ఈ ముడి విప్పడానికి జన్యువులు పనికొచ్చాయి. తూర్పు ఆసియాలో చాలామందికి పుట్టుకతోనే ఒక జన్యు మార్పు ఉంటుంది. ఒంట్లో ఆల్కహాలు విరిగితే వచ్చే ఎసిటాల్డిహైడు అనే విషాన్ని వాళ్ళ శరీరం త్వరగా విరగ్గొట్టలేదు. కొంచెం తాగినా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది. అందుకని వాళ్ళు తక్కువ తాగుతారు. ఈ జన్యువు జీతం చూసి రాదు, చదువు చూసి రాదు. అంటే ప్రకృతి తానే చీట్లు తీసి మనుషుల్ని గుంపులుగా విడదీసినట్టు. చైనాలో 5 లక్షల మందికి పైగా ఉన్న ఒక అధ్యయనం 2019లో ఇదే వాడుకుంది. జనం నోటితో చెప్పిన లెక్కతో చూస్తే పాత గ్రాఫే వచ్చింది. అదే జన్యువుల ప్రకారం విడదీసి చూస్తే పక్షవాతం విషయంలో ఆ పల్లం మాయమైంది. తాగుడు పెరిగేకొద్దీ పక్షవాతం పెరుగుతూ పోయింది. గుండెపోటు విషయంలో మేలు కనిపించలేదు.

నాకు బాగా నచ్చిన భాగం ఆ తర్వాతిది. అక్కడి ఆడవాళ్ళలోనూ అవే జన్యువులున్నాయి, కానీ వాళ్ళు దాదాపుగా తాగరు. వాళ్ళలో ఆ జన్యువులకూ పక్షవాతానికీ ఏ సంబంధమూ కనబడలేదు. అంటే పని చేసింది జన్యువు కాదు, మద్యమే.

జన్యు పద్ధతికీ విమర్శకులున్నారు, వాదన ఇంకా నడుస్తోంది. అయినా గుండె కోసమని తాగడం మొదలుపెట్టమని చెప్పగల ఆధారం ఈ రోజు లేదు.

క్యాన్సర్ సంగతి?

ఇందులో వాదన లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యపానీయాలను 1988లోనే మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పొగాకు ఉన్న వర్గమే. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్ళలో రొమ్ము, ఇవీ మద్యంతో క్యాన్సర్ వచ్చే చోట్లు. బ్రాండు ఖరీదైనదైనా చవకైనా తేడా లేదు, క్యాన్సర్ తెచ్చేది అందులో ఉన్న ఆల్కహాలే. తక్కువ తాగితే తక్కువ ప్రమాదం, ఎక్కువ తాగితే ఎక్కువ. ఇన్నేళ్ళయినా ఈ సంగతి తెలియనివాళ్ళు కోకొల్లలు, సిగరెట్ పెట్టె మీది బొమ్మలాంటిది సీసా మీద లేకపోవడం అందుకొక కారణం.

సమస్య కొద్దిమంది తాగుబోతులది. వాళ్ళను చూసుకుంటే సరిపోదా?

సగం నిజం. చాలా దేశాల్లో ఎక్కువగా తాగే 10 శాతం మందే మొత్తం అమ్మకంలో సగం దాకా తాగేస్తారు. "బాధ్యతగా తాగండి" అని బోర్డులు పెట్టే కంపెనీలు ఈ అంకెను ఆ మాట పక్కన వేయవు. ఆ మాట అందరూ నిజంగా వింటే వాళ్ళ అమ్మకాలేమవుతాయో ఊహించుకోవచ్చు.

మిగతా సగం ఏమిటంటే, గాయాలు, కొట్లాటలు, రోడ్డు ప్రమాదాల్లో చాలా భాగం "తాగుబోతు" అనిపించుకోనివాళ్ళ వల్లే జరుగుతాయి. ఒక్కొక్కరి ప్రమాదం తక్కువే, కానీ వాళ్ళ సంఖ్య ఎక్కువ. బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1980ల్లో ఈ వైరుధ్యాన్ని గుండె జబ్బుల విషయంలో చెప్పాడు, తర్వాత మద్యానికీ అన్వయించారు. తాగుడు ఒక్కడి వ్యవహారం కూడా కాదు. చుట్టుపక్కల అందరూ కాస్త తగ్గిస్తే బాగా తాగేవాడూ తగ్గిస్తాడు. గుంపు మొత్తం కలిసి కదులుతుంది.

ధర పెంచితే నిజంగా తగ్గుతుందా? తాగేవాడు అప్పు చేసైనా తాగుతాడు కదా?

ఈ రంగంలో ఇంత గట్టిగా తేలిన విషయం మరొకటి లేదేమో. నూటికి పైగా అధ్యయనాలను కలిపి చూసిన 2009 నాటి సమీక్ష ప్రకారం, ధర 10 శాతం పెరిగితే వాడకం బీరులో 4.6 శాతం, వైనులో 6.9 శాతం, స్పిరిట్లలో 8 శాతం దాకా తగ్గుతుంది. బాగా తాగేవాళ్ళు తక్కువ శాతమే తగ్గిస్తారు, తగ్గించకుండా మాత్రం ఉండరు.

ఎదురు ప్రయోగం ఫిన్లాండ్‌లో జరిగింది. పక్కనున్న ఎస్టోనియా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరబోతోంది, జనం అక్కడికెళ్ళి చవగ్గా తెచ్చుకుంటారన్న భయంతో ఆ ఏడాది మార్చిలో ఫిన్లాండ్ మద్యం పన్నును సగటున మూడో వంతు తగ్గించింది. మద్యం సంబంధిత మరణాలు వెంటనే పెరిగాయి. దెబ్బ ఎక్కువగా పడింది పేదల మీద. తర్వాతి ఏళ్ళలో ప్రభుత్వం మళ్ళీ పన్ను పెంచుకుంటూ రావలసి వచ్చింది.

స్కాట్లాండ్ మరో దారి పట్టింది. పన్ను కాకుండా కనీస ధర పెట్టింది. ఒక యూనిట్ ఆల్కహాలును 50 పెన్నీలకన్నా తక్కువకు అమ్మకూడదు. చట్టం 2012లోనే అయింది. మద్యం వ్యాపార సంఘాలు కోర్టుకు వెళ్ళడంతో అమలుకు 2018 మే దాకా పట్టింది. ఇది బారులో తాగేవాడి జేబుకు తగలదు, అక్కడ ధర ఎలాగూ ఎక్కువే. పెద్ద ప్లాస్టిక్ సీసాల్లో అతి చవగ్గా దొరికే ఘాటు సైడరుకు (ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యానికి) తగిలింది. ఇంగ్లండ్‌తో పోల్చి చూసిన అధ్యయనంలో, పూర్తిగా మద్యం వల్లే వచ్చే మరణాలు ఉండాల్సిన దానికన్నా 13.4 శాతం తక్కువ ఉన్నాయని తేలింది. 2024 సెప్టెంబరులో ఆ ధరను 65 పెన్నీలు చేశారు.

అంతా బాగుందనడం లేదు. అప్పటికే వ్యసనంలో మునిగిన కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని సీసా కొన్నారు. ధర పెంచే ప్రభుత్వం పక్కనే చికిత్స కూడా పెట్టకపోతే భారం ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది.

ధర పెంచితే కల్తీ సారా తాగి చస్తారు కదా?

భయం న్యాయమైనదే. మిథనాల్ అనే విషపు ఆల్కహాలు కలిసిన సారా తాగినప్పుడు మొదట మామూలు మత్తులానే ఉంటుంది. తర్వాత, చాలాసార్లు మర్నాటికి, చూపు మసకబారుతుంది, ఊపిరి ఆడదు. శరీరంలో మిథనాల్ ఫార్మిక్ ఆమ్లంగా మారడానికి పట్టే సమయం అది. తాగిన కాసేపటికి ఏం కాలేదు కదా అని ఇంట్లో ఉండిపోయినవాళ్ళే ఎక్కువగా పోతారు.

కానీ "కల్తీ పెరుగుతుంది" అన్న మాటను ప్రతి పన్ను పెంపుకూ అడ్డం వేయడం వేరు. కల్తీ ఎంతన్నది ధరతో పాటు నిఘా మీద, పారిశ్రామిక మిథనాల్ ఎవరి చేతికి ఎలా వెళ్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. పన్ను మరీ ఒక్కసారిగా పెంచి, నిఘాను గాలికొదిలేస్తే ఆ భయం నిజమవుతుంది.

మొత్తం నిషేధిస్తే పీడా పోదా?

అమెరికాలో నిషేధం 1920 నుంచి 1933 దాకా నడిచింది. ఆ కాలంలో సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి చెడిపోయే జబ్బు) మరణాలు తక్కువగానే ఉన్నాయి, అయితే ఆ తగ్గుదల నిషేధానికి ముందే మొదలైంది. దొంగ వ్యాపారం, ముఠాలు పెరిగాయన్నదీ నిజమే. సోవియట్ యూనియన్‌లో గోర్బచేవ్ 1985లో పెట్టింది పూర్తి నిషేధం కాదు. ఉత్పత్తి, దుకాణాలు, వేళలు బాగా బిగించాడు. రష్యాలో మగవాళ్ళ ఆయుర్దాయం రెండేళ్ళలో సుమారు 3 ఏళ్ళు పెరిగింది. అదే సమయంలో ఇళ్ళలో సారా కాచుకోవడానికి జనం కొనేయడంతో దుకాణాల్లో పంచదార దొరక్కుండా పోయింది. ఖజానాకు గండి పడింది. పట్టు సడలించాక ఆయుర్దాయం వచ్చినదానికన్నా ఎక్కువే పోయింది, దానికి సోవియట్ కుప్పకూలడం కూడా తోడైంది. నిషేధం "పనిచేసిందా, లేదా" అన్న ప్రశ్నే సరిగా లేదు. దేన్ని తగ్గించింది, దేన్ని పెంచింది, ఎంతకాలం నిలిచింది అని విడివిడిగా అడగాలి.

బడిలో పాఠాలు, అవగాహన ర్యాలీలు?

తెలివిడి పెరుగుతుంది, తాగుడు పెద్దగా తగ్గదు. ఎవరికీ నష్టం లేని పని కాబట్టి అన్ని ప్రభుత్వాలూ ఇష్టంగా చేసేదీ, కంపెనీలు డబ్బిచ్చి మరీ చేయించేదీ ఇదే. ధర, అందుబాటు, ప్రకటనల మీద అదుపు, రోడ్డు మీద యాదృచ్ఛిక బ్రీత్ టెస్టులు, డాక్టరు చేసే చిన్న సలహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ముందుకు తెచ్చిన జాబితా సారాంశం ఇది. అందులో ర్యాలీ లేదు.

డ్రగ్స్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఏది?

బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ నట్, ఆయన సహచరులు 2010లో బ్రిటన్‌లో వాడే 20 పదార్థాలకు 16 కొలమానాల మీద మార్కులు వేశారు. వాడేవాడికి చేటు, చుట్టూ ఉన్నవాళ్ళకు చేటు రెండూ కలిపి చూస్తే వందకు 72తో మద్యమే మొదటి స్థానంలో నిలిచింది. హెరాయిన్‌కు 55, క్రాక్ కొకైన్‌కు 54. ఈ జాబితా మీద విమర్శలొచ్చాయి, అందులో న్యాయమూ ఉంది. మద్యం చట్టబద్ధం, కోట్లమంది వాడతారు కాబట్టి మొత్తం చేటు ఎక్కువ. ఒక్కో వాడకందారుడి లెక్కన చూస్తే హెరాయినే భయంకరం. నా వరకు ఆ అధ్యయనం విలువ ర్యాంకుల్లో లేదు. చట్టం గీసిన గీతకూ, చేటు గీసే గీతకూ పొంతన లేదని చూపించడంలో ఉంది.

వాడేవాళ్ళకు జైలు శిక్ష తీసేస్తే డ్రగ్స్ పెరిగిపోవా?

పోర్చుగల్ 2001 జూలైలో ఆ పని చేసింది. సొంత వాడకానికి పది రోజులకు మించని సరుకుతో దొరికితే అది నేరం కాదు. కోర్టు బదులు ఒక కమిషన్ ముందు హాజరవ్వాలి. అక్కడ చికిత్స దారి చూపిస్తారు. అమ్మితే మాత్రం ఇప్పటికీ జైలే. చికిత్సకు, సూదులు మార్చి ఇచ్చే కేంద్రాలకు కూడా డబ్బు పెట్టారు. సూదులతో ఎక్కించుకునేవాళ్ళలో కొత్త హెచ్ఐవీ కేసులు మొదట ఏటా వెయ్యి దాకా ఉండేవి, తర్వాతి కాలంలో వంద లోపుకు దిగాయి. వాడకం భయపడినంతగా పెరగలేదు.

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం 2021 ఫిబ్రవరిలో ఇలాంటిదే మొదలుపెట్టి 2024 సెప్టెంబరులో వెనక్కు తీసుకుంది. శిక్ష ఒక్కరోజులో పోయింది, చికిత్స కేంద్రాలు మాత్రం నెలల తరబడి రాలేదు. సరిగ్గా అదే సమయానికి ఫెంటనిల్ అనే అతి ఘాటైన కృత్రిమ మత్తుమందు అక్కడికి వచ్చిపడింది. ఫెంటనిల్ రాకను లెక్కలోకి తీసుకున్న అధ్యయనంలో ఆ చట్టానికీ ఓవర్‌డోస్ మరణాలకూ సంబంధం కనబడలేదు. అప్పటికి జనం విసిగిపోయారు.

శుభ్రమైన సూదులు ఇవ్వడం అంటే వ్యసనాన్ని ప్రోత్సహించినట్టే కదా?

సూది దొరకలేదని ఎవరూ హెరాయిన్ మానలేదు, పక్కవాడి సూది వాడారు. అలా హెచ్ఐవీ, హెపటైటిస్ సి పాకాయి. హెరాయిన్ అలవాటు నుంచి బయటపడేందుకు మెథడోన్, బుప్రెనార్ఫిన్ లాంటి మందులిస్తే "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అని ఎగతాళి చేస్తారు. వాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నుంచే అత్యావశ్యక మందుల జాబితాలో ఉంచింది. 2017లో వచ్చిన ఒక సమీక్షలో మెథడోన్ చికిత్సలో ఉన్న కాలంలో మరణాల రేటు, చికిత్స బయట ఉన్న కాలంతో పోలిస్తే మూడో వంతే ఉంది.

హెరాయిన్ లాంటివి వాడేవాళ్ళకు జైలు నుంచి విడుదలైన మొదటి రెండు వారాలు మరీ గండం. లోపలున్నన్నాళ్ళూ శరీరం అలవాటు తప్పి ఉంటుంది. బయటికొచ్చి పాత మోతాదే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు నలోక్సోన్ అనే మందు ముక్కులో స్ప్రే చేసినా, కండరంలోకి ఇంజెక్షన్ ఇచ్చినా కొద్ది నిమిషాల్లో ఊపిరి అందుకుంటుంది. కానీ దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, ఎక్కించుకున్న మత్తు ఇంకా ఒంట్లోనే ఉండవచ్చు. లేచి కూర్చున్నాడు కదా అని ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు.

కంపెనీల డబ్బుతో చేసిన పరిశోధనను నమ్మవచ్చా?

డబ్బు ఎవరిచ్చారన్నది మొదట చూడండి, తర్వాత ప్రశ్న ఎలా వేశారో చూడండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు మితంగా తాగడం గుండెకు మేలా అని తేల్చడానికి 10 కోట్ల డాలర్ల ప్రయోగం మొదలుపెట్టాయి. ఆ డబ్బులో ఎక్కువ భాగం మద్యం కంపెనీలు ఇస్తామన్నదే. సంస్థ అధికారులు, పరిశోధకులు కంపెనీలతో ముందే మాట్లాడుకుని, మేలు కనబడేలా ప్రయోగాన్ని మలిచారన్న విషయం బయటపడి 2018లో దాన్ని రద్దు చేశారు. క్యాన్సర్లను పట్టుకునేంత పెద్దదిగా గానీ, పొడుగైనదిగా గానీ ఆ ప్రయోగం లేదు. అబద్ధపు అంకె ఒక్కటీ రాయకుండానే తప్పుదారి పట్టించడం ఎలాగో అందులో కనిపిస్తుంది.

మా ఇంట్లో ఒకరు రోజూ బాగా తాగుతారు. రేపటి నుంచి పూర్తిగా మాన్పించేస్తే?

ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించకండి. మెదడు ఆల్కహాలుకు అలవాటుపడి ఉంటుంది. చివరి పెగ్గు తర్వాత కొన్ని గంటల్లో చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనబడతాయి, జ్వరం వస్తుంది, ఎక్కడున్నారో తెలియదు. ప్రాణాలు పోయే స్థితి ఇది. చాలామంది దీన్ని గాలి సోకిందనో, పిచ్చి పట్టిందనో అనుకుంటారు.

ఆసుపత్రిలో వారం పది రోజులు మందులతో దించుతారు, విటమిన్ బి1 ఇస్తారు. తీసుకెళ్ళినప్పుడు చివరిసారి ఎప్పుడు తాగారు, రోజుకు ఎంత, ఇంతకు ముందు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్న మూడూ పరువు చూసుకోకుండా చెప్పండి. వేరే జబ్బుతోనో, ఆపరేషన్ కోసమో చేరినా సరే ఇది దాచకూడదు. ఆపరేషన్ బాగా జరిగిన మూడో రోజు రాత్రి రోగి మంచం దిగి పరుగెడుతుంటే, కారణమేమిటో వార్డులో ఎవరికీ అర్థం కాదు.